చట్టం కాకముందే మా ఊళ్లో చదవండి: ఉమ్మడి నల్లగొండ, పాలమూరు ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల 26 మంది శాసనసభ్యులకు, ఈ ప్రాంత శాసనమండలి సభ్యులకు, రాష్ట్ర రెవెన్యూ శాఖ పెద్దలకు,

నమస్కారం.

నల్లగొండ జిల్లా దక్షిణ కొసన ఉన్న ఒక మండల కేంద్రంలో, తహసీల్దార్ ఆఫీసు ఎదురుగా, నేను జిరాక్స్ షాపు నడుపుతున్నాను. పదిహేనేళ్లు దాటింది. జిరాక్స్ తీయడం కన్నా కాగితాలు చదివి చెప్పడమే నాకు ఎక్కువ పని. పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఇద్దరో ముగ్గురో మెట్ల మీద కూర్చుని ఉంటారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌బుక్కు, పాత పహాణీ (ఏటేటా రాసే సాగు రికార్డు) నకలు, ఆధార్ కార్డు, నాలుగు మడతలు పడ్డ ఏదో నోటీసు. "ఇండ్ల ఏం రాసిండ్రో జర చదివి చెప్పు బిడ్డా" అంటారు. చదివి చెప్తాను. చాలాసార్లు చదివినా నాకే పూర్తిగా అర్థం కాదు. అప్పుడు తెలిసిన వకీలుకు ఫోన్ చేసి అడిగి చెప్తాను.

ఈ లేఖలో నేను ముఖ్యంగా అడిగేది ఒక్కటే. మా భూమి, మా ఇల్లు, మా బతుకు మీద ప్రభావం చూపే ఏ బిల్లు అయినా, సభలో పెట్టకముందే, ముసాయిదాగా ఉన్నప్పుడే, మా మాటల్లో రాసి మా గ్రామసభలో చదివి వినిపించండి. మేము అడిగే ప్రశ్నలు రాసుకుని పోండి. ఎందుకు అడుగుతున్నానో నా షాపు ముందు జరిగిన సంగతులతోనే చెప్తాను.

మా ఊళ్లో ఒక పెద్దమ్మ ఉంది. 1998లో, ఆమె భర్త బతికి ఉన్నప్పుడు, పక్క చేను ఆసామి దగ్గర ఎకరం పది గుంటలు కొన్నారు. ఇద్దరు సాక్షులు, ఒక తెల్లకాగితం, రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర. అంతే. మా వైపు సన్నకారు రైతుల కొనుగోళ్లు చాలావరకు అట్లాగే జరిగాయి. రిజిస్ట్రేషన్ ఖర్చుకు డబ్బు ఎక్కడిది? మాట మీద నమ్మకం ఉండేది, కాగితం ఆ మాటకు గుర్తు మాత్రమే. సాదా బైనామా అని సర్కారు పిలిచేది దీన్నే. అప్పటి నుంచి ఆ చేను దున్నేది వాళ్లే, పత్తి వేసేది వాళ్లే. రికార్డులో మాత్రం పట్టా ఇంకా అమ్మిన ఆసామి పేరు మీదే ఉంది.

2020లో ఇట్లాంటి కొనుగోళ్లను క్రమబద్ధం చేస్తామని ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. అక్టోబర్ 12న మొదలైంది. మొదట నెలాఖరు వరకు అన్నారు, తర్వాత నవంబర్ 10 దాకా పొడిగించారు. ఆ నెల రోజులు మా షాపు ముందు జాతర లాగా ఉండేది. పక్కనే మీసేవ. కరోనా భయంలో మూతికి గుడ్డలు కట్టుకుని జనం లైన్లో నిలబడ్డారు. రాత్రి తొమ్మిది దాకా ఫారాలు నింపాను. కానీ ఆ పెద్దమ్మ రాలేదు. ఆమె దగ్గర తెల్లకాగితం ఉందని నాకు తెలియదు. అట్లాంటి కాగితానికి ఒక గడువు నడుస్తున్నదని ఆమెకు తెలియదు. లాక్‌డౌన్ అయ్యాక పనులు మళ్లీ మొదలయ్యాయని కొడుకు, కోడలు హైదరాబాద్ పోయారు. ఆమెకు చదువు రాదు, పెద్ద ఫోన్ లేదు. సంక్రాంతికి కొడుకు ఇంటికొచ్చి, ఎవరో చెప్తే విని, కాగితం పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి గడువు దాటి రెండు నెలలు.

అప్పుడు నేను అతనికి చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది. "ఏం కాదు అన్నా, మళ్లీ ఇంకోసారి గడువు ఇస్తరు" అన్నాను. నాకూ అట్లాగే అనిపించింది, ఇంతకుముందు ఇచ్చారు కాబట్టి.

2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన కొత్త భూమి రికార్డుల చట్టం, అంటే భూభారతి చట్టం, సాదా బైనామాలకు మళ్లీ దారి తెరిచింది. ఆ మాట విని సంతోషపడ్డాను. తర్వాత షరతులు చదివాను. 2014 జూన్ 2 కంటే ముందు కొని ఉండాలి. ఈమె కొన్నది 1998లో. పన్నెండేళ్లుగా భూమి అనుభవంలో ఉండాలి. ఈమెది ఇరవై ఏడేళ్లు. చిన్న, సన్నకారు రైతు అయి ఉండాలి. ఇంతకన్నా సన్నకారు రైతు ఎవరుంటారు? చివరి షరతు: 2020 అక్టోబర్ 12కు, నవంబర్ 10కి మధ్య దరఖాస్తు పెట్టి ఉండాలి. అక్కడ ఆగిపోయింది. ఇరవై ఏడేళ్ల సాగు ఉన్నా, ఆ ముప్పై రోజుల్లో ఒక కాగితం ఇవ్వలేదని ఆమెకు ఈ దారి మూసుకుపోయింది.

ఇక దరఖాస్తు పెట్టినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. వాళ్లు దరఖాస్తులు పెడుతున్న నెలలోనే, అక్టోబర్ 29న, పాత 1971 భూమి హక్కుల రికార్డు చట్టం పోయి, ధరణి అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో భూమి రికార్డులు నడిపే 2020 చట్టం (మేము ధరణి చట్టం అంటాం) అమల్లోకి వచ్చింది. ఆ ధరణి చట్టంలో సాదా బైనామాల ఊసే లేదు. విషయం హైకోర్టుకు వెళ్లింది, నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి, దరఖాస్తులు అక్కడే ఆగిపోయాయి. 2025 ఆగస్టులో గానీ ఆ అడ్డు తొలగలేదు. ఐదేళ్ల పాటు మనుషులు రశీదు పట్టుకుని నా షాపుకు వచ్చి "మనది ఎందాక వచ్చింది?" అని అడిగారు. ఆ రశీదుల నకళ్లు ఎన్నిసార్లు తీశానో లెక్క లేదు. దరఖాస్తు తీసుకోవడానికి ఆధారమైన చట్టమే మధ్యలో మారిపోయిందని ఒక్కరికీ తెలియదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా అసలు మాట. 2020 చట్టం బిల్లుగా సెప్టెంబర్ 9న శాసనసభలోకి వచ్చింది. 11న సభ ఆమోదించింది. రాష్ట్రంలో ప్రతి రైతు కమతాన్నీ తాకే చట్టానికి మూడు రోజులు. మా మండలంలో ఆ బిల్లు చదివిన మనిషి ఒక్కడున్నా నాకు చూపించండి.

ఆ చట్టంలో అంతా చెడ్డ అని నేను అనను. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే టేబుల్ దగ్గర, ఒకే రోజు అయిపోవడం మామూలు విషయం కాదు. పేరు మార్పిడి కోసం నెలల తరబడి వీఆర్వో వెనకాల తిరిగినవాళ్లకు ఆ కష్టం తప్పింది. సాయంత్రానికి కాగితం చేతిలో పట్టుకుని, కళ్లల్లో నీళ్లతో మా షాపుకు వచ్చి లామినేషన్ చేయించుకున్న రైతులు ఉన్నారు. కానీ రికార్డులో తప్పు పడితే ఆర్డీఓకో కలెక్టరుకో అప్పీల్ చేసుకునే దారి ఆ చట్టంలో లేకుండా పోయింది. సివిల్ కోర్టుకు పోవాల్సిందే. అర ఎకరం తక్కువ పడ్డ మనిషి ఏ ధైర్యంతో కోర్టుకు పోతాడు? వకీలు ఫీజుకే ఆ అర ఎకరం చాలదు. 2017 సెప్టెంబర్‌లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో పార్ట్-బీలో (వివాదం ఉందని పక్కన పెట్టిన జాబితాలో) పడ్డ భూములవాళ్లు, సర్వే నంబర్‌లో కొంత భాగానికి వివాదం ఉంటే మొత్తం నిషేధిత జాబితాలోకి పోయినవాళ్లు, పేరులో ఒక అక్షరం తప్పుపడి బ్యాంకు లోను ఆగిపోయినవాళ్లు, వీళ్లంతా ఎవరిని అడగాలో తెలియక నా షాపు మెట్ల మీద కూర్చున్నారు. ధరణిలో ఒక్కో రకం దరఖాస్తుకు ఒక్కో నంబర్: టీఎం-33 అంటే ఏంటి, టీఎం-15 అంటే ఏంటి, ఏది నొక్కాలి అని నేను నేర్చుకోవడానికే నాకు ఆరు నెలలు పట్టింది. ఒక మనిషి కష్టానికి ఏ నంబర్ పెట్టాలో తెలియకపోతే దరఖాస్తు తిరిగి వస్తుంది, మళ్లీ మొదటి నుంచి.

ఒక్కసారి ఆలోచించండి. ఆ బిల్లు 2020 ఆగస్టులో ముసాయిదాగా ఉన్నప్పుడు ఎవరైనా మా గ్రామసభలో నిలబడి, "ఇక నుంచి మ్యుటేషన్ తహసీల్దారే చేస్తారు, దాని మీద పై అధికారికి అప్పీల్ ఉండదు" అని రెండు ముక్కల్లో చెప్పి ఉంటే ఏమయ్యేది? మొదటి వరుసలో కూర్చున్న ఏ ముసలాయనో లేచి అడిగేవాడు: "తప్పు పడితే ఎవలకు చెప్పుకోవాలె సారూ?" ఆ ప్రశ్నకు డిగ్రీ అక్కర్లేదు. గెట్టు తగాదా చూసిన ఎవరికైనా వచ్చే ప్రశ్న అది. ఆ ప్రశ్నకు జవాబుగా ఇంకో చట్టం రావడానికి నాలుగేళ్లు దాటింది. భూభారతిలో అప్పీల్ మళ్లీ పెట్టారు. తహసీల్దార్ మ్యుటేషన్ మీద 60 రోజుల్లోపు ఆర్డీఓ దగ్గరికి పోవచ్చు. ఆ నాలుగేళ్లలో చనిపోయినవాళ్లు, విసిగిపోయి వచ్చిన రేటుకు అమ్ముకున్నవాళ్లు మాత్రం మళ్లీ తిరిగిరారు.

భూభారతి విషయంలో మీరు ముందుకన్నా మంచిగా చేశారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2024 ఆగస్టులో ముసాయిదాను సీసీఎల్ఏ (రాష్ట్ర భూపరిపాలన ప్రధాన కమిషనర్) వెబ్‌సైట్‌లో పెట్టి సలహాలు అడిగారు. కలెక్టరేట్లలో సమావేశాలు పెట్టారు. డిసెంబర్‌లో గానీ సభ ముందుకు తేలేదు. చట్టం అయ్యాక, 2025 ఏప్రిల్‌లో, మండలానికి ఒక అవగాహన సదస్సు పెట్టారు. మన నారాయణపేట జిల్లా మద్దూరు మండలం రాష్ట్రంలో మొదటగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో ఒకటి. అక్కడ ఊరూరా రెవెన్యూ సదస్సులు జరిగాయి, అధికారులు టేబుళ్లు వేసుకుని కూర్చుని దరఖాస్తులు తీసుకున్నారు. మా మండలంలో సదస్సు జరిగిన రోజు నేను షాపు మూసి పోయాను. తెలుగులో అచ్చువేసిన కాగితం పంచారు. మంచిగా ఉంది. నాకు అర్థమైంది, చుట్టూ ఉన్నవాళ్లకూ చదివి చెప్పాను.

ఆ రోజు తిరిగి వస్తుంటే ఒక ఆలోచన నన్ను వదల్లేదు. చట్టం అయిపోయాక మండల మండలానికి వచ్చి తెలుగులో చెప్పగలిగినవాళ్లు, ఎనిమిది నెలల ముందు అదే పని ఎందుకు చేయలేదు? అవే టెంట్లు, అవే మైకులు, అదే కాగితం. అప్పుడు వచ్చి ఉంటే ఆ పెద్దమ్మ కొడుకు లేచి అడిగేవాడు: "2020ల దరఖాస్తు పెట్టనోళ్ల సంగతేంది?" ఇప్పుడు అడిగినా జవాబు ఒక్కటే: చట్టంలో లేదు. అప్పుడు అడిగి ఉంటే, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, రాసుకోవడానికి ముసాయిదాలో చోటు ఉండేది.

కొత్త చట్టంలోని ఇంకో మూడు సంగతులు కూడా చూడండి, ముసాయిదా అప్పుడే చెప్తే ఊరు ఏమడిగేదో.

విరాసత్ సంగతి. ధరణి చట్టంలో పట్టాదారు చనిపోతే, వారసులంతా కలిసి ఒప్పంద పత్రం ఇస్తే చాలు, పేరు మారేది. వారసులు ఎవరెవరో చెప్పేది దరఖాస్తు పెట్టిన మనిషే. పెళ్లై అత్తగారింటికి పోయిన ఆడపిల్ల పేరు ఆ జాబితాలో లేకపోతే అడిగే దిక్కు లేదు. అట్లా పేరు లేకుండా పోయిన ఇద్దరు అక్కచెల్లెళ్లు మా షాపులోనే ఏడ్చారు. అన్నదమ్ముల మీద కోపం కన్నా, అన్ని కాగితాలు తిరిగిన ఆ ఆఫీసులో ఒక్కరు కూడా తమకు ఫోన్ చేసి అడగలేదని వాళ్ల బాధ. కొత్త చట్టంలో తహసీల్దార్ వారసులకు నోటీసు ఇవ్వాలి, విచారణ చేయాలి, దానికి 30 రోజుల గడువు ఉంది. ఇది నిజంగా మంచి మార్పు. కానీ నోటీసు ఎవరి చేతికి ఇస్తారు? ముంబైలో అడ్డా మీద పనికోసం నిలబడే పాలమూరు మనిషికి ఆ 30 రోజుల్లో నోటీసు ఎట్లా చేరుతుంది? మక్తల్, కోస్గి, నారాయణపేట వైపు ఊళ్లల్లో సగం ఇండ్లకు తాళాలు ఉండే నెలలు ఉంటాయి. వాళ్లు వచ్చేది దసరాకు, పీర్ల పండుగకు. ఆ ఊళ్లో ముసాయిదా చదివి ఉంటే, నోటీసు ఫోన్‌కు కూడా పంపాలని, ఇంటి గోడకు అతికించి పోవద్దని ఎవరో ఒకరు చెప్పేవాళ్లు.

సర్వే పటం సంగతి. ఇక ముందు భూమి అమ్మినా, పంచుకున్నా రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేసే పద్ధతి వస్తుంది. ప్రతి కమతానికి ఆధార్ లాగా భూధార్ నంబర్ ఇస్తారు, మొదట తాత్కాలికంగా, కొలతలు అయ్యాక శాశ్వతంగా. హద్దు తగాదాలు తగ్గాలంటే ఇది కావాల్సిందే. కానీ మా వైపు టిప్పన్ (పాత సర్వే కొలతల కాగితం) ఒకటి చెప్తే, మోకా మీద గెట్టు ఇంకోటి చెప్తుంది. రాష్ట్రంలో 413 గ్రామాలకు అసలు నక్షాలే లేవు. అట్లాంటి ఊళ్లలో ప్రయోగాత్మకంగా కొలిచిన వాటిలో మన మహబూబ్‌నగర్ జిల్లా గండీడ్ మండలం సలార్‌నగర్ కూడా ఉంది. ముప్పై గుంటలున్న రైతు, దాన్ని ముగ్గురు కొడుకులకు పంచాలంటే సర్వేయర్ ఖర్చు ఎవరిది? కొలిస్తే ఇరవై ఎనిమిది గుంటలే వస్తే మిగిలిన రెండు గుంటలు ఎవరి నుంచి? ఊళ్లో మొదట వచ్చే ప్రశ్నలు ఇవే.

మూడోది నిబంధనలు. మా దగ్గర చాలామందికి తెలియనిది ఏంటంటే, చట్టం సభలో పాసైపోయినంత మాత్రాన పని ఎట్లా జరుగుతుందో తేలిపోదు. ఏ ఫారం, ఎంత ఫీజు, ఎన్ని రోజులు, ఏ కాగితం జతచేయాలి, ఇవన్నీ తర్వాత ప్రభుత్వం జీవోగా ఇచ్చే నిబంధనల్లో ఉంటాయి. మనిషి అసలు ఇబ్బంది పడేది అక్కడే. చట్టం మీద సభలో కనీసం మాట్లాడతారు. నిబంధనల మీద మాట్లాడేదెవరు? కాబట్టి నేను అడిగేది బిల్లుకే కాదు, నిబంధనల ముసాయిదాకు కూడా.

మా మాటల్లో అని ఎందుకు పదే పదే అంటున్నానో కూడా చెప్పాలి. తెలుగులో పెట్టాం కదా అని మీరు అనవచ్చు. ఆఫీసు తెలుగు వేరు, మా తెలుగు వేరు. "ఉత్తరాధికారం" అంటే మా షాపు దగ్గర ఎవరికీ తెలియదు, "విరాసత్" అంటే మేకలు కాసే పిల్లగానికీ తెలుసు. "విహితపరచిన అధికారి" అని రాస్తే చదివినవాళ్లు కూడా ఆగిపోతారు, "ఆర్డీఓ" అని రాస్తే అయిపోతుంది. "స్వాధీనానుభవం" అంటే కబ్జాలో ఉండటం, కాస్తు చేసుకోవడం. పహాణీ, సేత్వార్, శిఖం, ఇనాం, గెట్టు, నక్షా: నిజాం కాలం నుంచి నోళ్లలో నలిగిన ఈ మాటలు మాకు ఇంటి మాటలు. చదువు రాని ముసలాయన కూడా 1954-55 ఖాస్రా పహాణీలో తన తాత పేరు ఏ నంబర్ మీద ఉందో తడుముకోకుండా చెప్తాడు. జనానికి చట్టం అర్థం కాదని ఎవరైనా అంటే, వాళ్లను ఒక రోజు మా మెట్ల మీద కూర్చోమని నా మనవి. అర్థం కాంది భాష, భూమి కాదు.

ఇంకో మాట. దేవరకొండ, చందంపేట, నేరేడుగొమ్ము వైపు తండాల్లో ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అక్కడ కాగితం పంచితే సరిపోదు, వాళ్ల భాషలో నోటితో చెప్పే మనిషి కావాలి. అమ్రాబాద్ నల్లమలలో చెంచు పెంటలకు కాగితమే పోదు, మనిషే నడిచి పోవాలి. ఉర్దూ మన రాష్ట్రానికి రెండో అధికార భాష. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఉర్దూ చదివే ఇండ్లు ఎన్నో ఉన్నాయి. వాళ్లకూ అదే కాగితం ఉర్దూలో ఇవ్వండి.

నేను అడుగుతున్నది కొత్తగా పుట్టించిన కోరిక కాదు. ఏ బిల్లునైనా కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని, అందులోని ముఖ్యమైన సంగతులు సులువైన భాషలో వివరించాలని, దానివల్ల ఎవరి మీద ఏ ప్రభావం పడుతుందో చెప్పాలని, వచ్చిన సలహాల సారాంశం బయటపెట్టాలని కేంద్ర ప్రభుత్వం 2014 ఫిబ్రవరిలో తన శాఖలకు ఒక విధానం పెట్టుకుంది. అది రాష్ట్రాలకు తప్పనిసరి కాదు, నాకు తెలుసు. కానీ రాష్ట్రం తనకు తానుగా పెట్టుకోవడానికి ఎవరూ అడ్డం లేరు. తప్పనిసరి అయినది ఇంకోటి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్: ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రకటించాలని, సమాచారం స్థానిక భాషను, జనానికి చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని ఇవ్వాలని అందులో ఉంది. మేము అర్జీ పెట్టకుండానే ఇవ్వాల్సిన సమాచారం గురించి చెప్పే సెక్షన్ అది.

సులువు తెలుగులో రాస్తే రేపు కోర్టులో చిక్కు వస్తుందని న్యాయశాఖ వాళ్లు అంటారేమో. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం బిల్లుకూ చట్టానికీ ప్రామాణికమైనది ఇంగ్లీష్ పాఠమే. కాగితం పైన ఒక లైను పెట్టండి: "ఇది వివరణ మాత్రమే, తేడా వస్తే ఇంగ్లీష్ పాఠమే చెల్లుతుంది" అని. మాకు అభ్యంతరం లేదు. మాకు కావాల్సింది కోర్టులో చూపించే కాగితం కాదు, ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే కాగితం.

ఆ కాగితం ఎట్లా ఉండాలో కూడా చెప్తాను, రోజూ అచ్చు తీసే పని కాబట్టి. ఒకటే షీటు, రెండు వైపులా. అక్షరాలు పెద్దవి, కళ్లద్దాలు లేకున్నా కనపడేంత. ముందు వైపు: నిన్నటిదాకా ఎట్లా ఉండేది, ఇక ముందు ఎట్లా ఉంటుంది. వెనక వైపు: ఎవరికి లాభం, ఎవరికి ఇబ్బంది, ఏ తేదీలోపు ఏం చేయాలి, డబ్బు ఎంత, పని కాకపోతే ఎవరి దగ్గరికి పోవాలి. తేదీలు లావు అక్షరాల్లో. ఎందుకంటే మా వైపు మనుషులు నష్టపోయింది చట్టంలో ఉన్న తప్పుల వల్ల కన్నా, తెలియకుండా దాటిపోయిన తేదీల వల్లే ఎక్కువ. నేను చూసినంతలో అది నిజం.

అది పంచాయతీ గోడ మీద, రేషన్ షాపు దగ్గర, బస్టాండులో, పాల కేంద్రంలో ఉండాలి. గ్రామసభలో చదవాలి. మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి, కొత్తగా సభ పెట్టే పని కూడా లేదు. ఊరూరా జీపీఓలను (గ్రామ పాలన అధికారులను) పెట్టారు, వాళ్లు చదవగలరు. వలస పోయేవాళ్ల ఊళ్లలో మాత్రం పండుగ చూసుకుని పెట్టండి. అందరూ ముంబైలో ఉన్నప్పుడు గ్రామసభ పెట్టి, ఎవరూ రాలేదని రాసుకుని పోవద్దు.

సలహాలు తీసుకున్నాక ఏం చేశారో కూడా చెప్పండి. "మీ ఊరు ఇది అడిగింది, ఇందుకు ఒప్పుకున్నాం, ఇందుకు ఒప్పుకోలేదు" అని ఒక మాట వస్తే చాలు. ఒప్పుకోకపోతే బాధపడతాం, కానీ మళ్లీసారి కూడా వస్తాం. జవాబే రాకపోతే ఆ తర్వాత గ్రామసభకు ఎవరూ రారు.

భూమి గురించి ఊరినే అడగడం మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. 1951 ఏప్రిల్ 18న అప్పటి మన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే దళితవాడకు పోయి మీకేం కావాలని అడిగారు. నలభై కుటుంబాలకు ఎనభై ఎకరాలు కావాలని వాళ్లు లెక్కగట్టి చెప్పారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు అక్కడే లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం, గ్రామదానం మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 1965లో వచ్చింది. ఎన్ని ఎకరాలు కావాలో, ఎందుకు కావాలో ఆ వాడకు తెలుసు. అడిగే మనిషి వచ్చాడు కాబట్టి చెప్పారు.

మీరు 26 మంది. పార్టీలు వేరైనా, ఈ ఒక్క విషయంలో కలిసి సభలో అడగవచ్చు. రేపు ఏ మంత్రి ఏ బిల్లు తెచ్చినా, "దీని తెలుగు వివరణ ఏది, ఏ ఏ గ్రామసభల్లో చదివారు?" అని మీలో ఒక్కరు లేచి అడిగితే, తర్వాతి బిల్లు నుంచి ఆ కాగితం తయారవుతుంది. భూమి బిల్లే కానక్కర్లేదు. కౌలు రైతుల గురించి అయినా, పంచాయతీ పన్నుల గురించి అయినా, స్విగ్గీ, ఓలా బండ్లు నడిపే మా పిల్లల గురించి అయినా అంతే. అంతవరకు ఆగకుండా మీరే ఒక పని చేయవచ్చు. మీ దగ్గరికి వచ్చిన ప్రతి ముసాయిదాను మీ నియోజకవర్గంలోని జిరాక్స్ షాపులకు, మీసేవలకు పంపండి. మా షాపు వరకు ఆ కాగితాన్ని నేను నా ఖర్చుతో అచ్చు తీసి గోడకు అతికిస్తాను, అడిగినవాళ్లకు చదివి చెప్తాను. జనం అడిగిన ప్రశ్నలు రాసి మీకు పంపుతాను.

2020లో గడువు తెలియక దరఖాస్తు పెట్టలేకపోయిన, కాస్తులో ఉన్న చిన్న, సన్నకారు రైతులకు ఇంకొక్కసారి అవకాశం ఇచ్చేలా చట్టాన్ని సవరించాలని కూడా ఈ లేఖతో అడుగుతున్నాను. వచ్చే సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఆ పెద్దమ్మతో పాటు నేనూ పోతున్నాను. 1998 నాటి కాగితం పాడైపోతుందని ఆమె దాన్ని బట్టలో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. దాని నకలు నాలుగు తీశాను. ఒకటి కలెక్టర్ గారికి, ఒకటి ఆర్డీఓ గారికి, ఒకటి మా శాసనసభ్యులకు. నాలుగోది షాపులో ఉంచాను, మీలో ఎవరైనా వచ్చి చూస్తామంటే చూపిస్తాను.

ఇట్లు,
తహసీల్దార్ ఆఫీసు ఎదుట జిరాక్స్ షాపు నడుపుకునే ఒక పౌరుడు,
నల్లగొండ జిల్లా.